పొట్టివాడి వాలు

చెరకు తోటల మధ్య ఉన్న ఆ గోల్ఫ్ క్లబ్బులో ఇసబిర్యే ముప్పై నాలుగేళ్లుగా పరాయివాళ్ల గోల్ఫ్ కర్రల సంచులు మోస్తున్నాడు. బడి మానేసి వచ్చిన పన్నెండేళ్ల పిల్లాడికి నలభై ఆరేళ్లొచ్చాయి గానీ, సభ్యుల నోట్లో అతనింకా "ఏయ్, క్యాడీ!"యే. ప్రొఫెషనల్ పరీక్ష ఒక్కటి గట్టెక్కితే ఆ పిలుపు పోతుంది. తనే నలుగురికి ఆట నేర్పవచ్చు. తన సంచీ ఇంకొకడు మోస్తాడు. పరీక్షంటే రెండు రోజుల ఆట. రెండు రోజులూ కలిపి నూట యాభై ఆరు దెబ్బల్లో ముగించాలి. ఒక్క దెబ్బ ఎక్కువైనా మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

అదేమంత గండం కాదు అతనికి. సోమవారం సభ్యులు రారు, మైదానం క్యాడీలది. ఆ సోమవారాల్లో డెబ్బై నాలుగు, డెబ్బై అయిదు నవ్వుతూ ఆడేసేవాడు. ఊపు మాత్రం చూడముచ్చటగా ఉండదు. ఆ క్లబ్బులో పొద్దున్నే గడ్డి కొట్టినవాడికే సంచీ ఇస్తారు. కొన వంగిన పొడుగాటి ఇనుప బద్ద పట్టుకుని, నడుం చుట్టూ తిప్పుతూ ఎకరాలకెకరాలు కొట్టిన చేతులవి. గోల్ఫ్ కర్ర పట్టినా అలాగే తిరుగుతాయి. కర్ర ఆకాశానికి లేవదు. భుజం కిందుగా చుట్టి వచ్చి బంతిని ఈడ్చి కొడుతుంది.

పరీక్షకు పేరివ్వాలంటే కోచ్ సంతకం కావాలి. కోచ్ సెంపాల కంపాలా నుంచి కొత్తగా దిగాడు. ముప్పై ఏళ్లుండవు. ఆరడుగుల పైచిలుకు మనిషి. ఇసబిర్యే ఊపును ఫోన్‌లో పట్టి, బొమ్మ మీద వేలితో నిటారుగా ఒక ఎర్ర గీత గీశాడు.

"ఇదీ కర్ర నడవాల్సిన వాలు. నీ కర్ర ఎక్కడ నడుస్తోందో చూడు పెద్దాయనా. గోల్ఫ్ ఆడుతున్నావా, మేకలకు మేత కోస్తున్నావా?"

పక్కనున్న సభ్యులు విరగబడి నవ్వారు. పెద్దవాళ్ల నవ్వులో శ్రుతి కలపడం ఒక కొలువు. ఇసబిర్యే కలపలేదు.

"బంతి తిన్నగానే పోతోంది కదా సార్?"

"పోతోంది, అదృష్టం బాగుండి. అదృష్టానికి నేను సంతకం పెట్టను."

కోచ్ ఒక చెరకు గడ తెప్పించి, తన కర్రతో కొలుచుకుని, నేలలో వాలుగా పాతాడు. లేచేటప్పుడూ దిగేటప్పుడూ కర్ర ఆ గడను అంటీ అంటనట్టు సాగాలన్నాడు. మూడు వారాలు ఇసబిర్యే ఆ గడ పక్కనే పడి ఉన్నాడు. నడుం పట్టేసింది. బంతులు చెప్పిన మాట వినడం మానేశాయి. "అలవాటవుతుందిలే" అని కోచ్ సంతకం పెట్టాడు. చదువుకున్నవాడు చెప్పాడు గదా అని ఇసబిర్యే కూడా నమ్మాడు. చదువు లేనివాడికి ఉండే పెద్ద రోగమే అది.

మొదటి రోజు ఎనభై నాలుగు ఆడాడు.

సంచీ మోసింది ముకోసే. ఇద్దరూ ఒకే ఏడు క్లబ్బు గేటు దాటినవాళ్లు. ముకోసే తాటిచెట్టంత ఉంటాడు, నాలుక అంతకన్నా పొడుగు.

"ఒరేయ్, ఇవాళ ఎవడి ఒళ్లు తొడుక్కుని వచ్చావురా?"

"నోరు ముయ్యరా."

"నాది మూస్తాలే. తోటలోకి పోయిన ఆ నాలుగు బంతుల నోరు ఎవడు మూస్తాడు?"

మిగిలినవి డెబ్బై రెండు దెబ్బలు. పుట్టి బుద్ధెరిగాక ఇసబిర్యే డెబ్బై రెండు ఆడింది రెండే సార్లు.

ఎండ ఇంకా దిగలేదు. ఇద్దరూ గడ దగ్గరికి పోయారు. ముకోసే సంచీలోంచి కర్ర లాగి, గడ్డం పైకెత్తి, కోచ్‌లా గొంతు పెట్టాడు. "ఇదిగో పెద్దాయనా, ఇలా!" అంటూ ఊపాడు. కర్ర గడ వెంట జారినట్టు పోయింది, జారినట్టు దిగింది. కొలిచి కుట్టించుకున్న చొక్కాలా సరిపోయింది.

ఇసబిర్యే నవ్వబోయి ఆగిపోయాడు.

"మళ్లీ ఊపు."

ముకోసే మళ్లీ ఊపాడు. మళ్లీ సరిపోయింది. జీవితంలో ఒక్క పాఠమూ వినని ముకోసేకి!

"నువ్వెంత పొడుగురా?"

"మీ కోచంత. బుర్ర మాత్రం నాదే."

ఇసబిర్యే కర్ర లాక్కుని తన పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. ఆ కర్రలు దేశం వదిలి వెళ్తూ ఒక ఇంజినీరు పారేసినవి. ఆయనా పొడగరే. పొడుగువాడి కర్ర పొట్టివాడి చేతికొస్తే బంతికి దూరంగా నిలబడక తప్పదు. దూరంగా నిలబడితే కర్ర పడుకునే తిరుగుతుంది, నిటారుగా లేవమంటే ఎలా లేస్తుంది? తన ఒంటికి, ఆ కర్రకి కుదిరిన వాలు మొదటి నుంచీ తన దగ్గరే ఉంది. కోచ్ తన పొడుగు కొలత తీసుకొచ్చి ఇసబిర్యే పక్కన పాతాడు.

గడ పీకి మోకాలికేసి విరిచాడు.

"ఒరేయ్! అది కోచ్‌దిరా!"

"కోచ్‌దే. నాకెందుకు?" సగం ముకోసే చేతికిచ్చాడు.

ముకోసే కొరికి ఉమ్మేశాడు. "థూ! పులిసిపోయింది."

"మూడు వారాల నుంచి నేను మింగుతున్నది అదే."

మర్నాడు మొదటి గుంట దగ్గరే కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇసబిర్యే బంతికి దూరంగా జరిగి, కర్రను నడుం చుట్టూ తిప్పి కొట్టాడు. బంతి దారి మధ్యలో పడింది.

"నేను చెప్పిందంతా మర్చిపోయావా?"

"లేదు సార్. గుర్తుండే వదిలేశాను."

"తప్పితే మాత్రం నా పేరెత్తకు."

"నెగ్గితే ఎత్తమంటారా?"

ఇసబిర్యే ఆగలేదు. గుంట తర్వాత గుంట, గడ్డి కొట్టినట్టే కొట్టుకుపోయాడు. పదిహేడు గుంటలు అరవై ఎనిమిది దెబ్బల్లో అయ్యాయి. చివరిది నాలుగింటిలో ముగిస్తే చాలు. రెండో దెబ్బకు నిలబడేసరికి బంతి గట్టు మీద, పాదాల కంటే ఎత్తులో ఉంది. నిటారు ఊపువాడైతే మట్టి తవ్వేవాడు. ఇసబిర్యే కర్ర అడ్డంగా తిరిగి బంతిని గుంటలోని జెండాకు ఆరు బారల దూరంలో దించింది. ముకోసే సంచీ కింద పడేసి ఈల వేశాడు. మూడో దెబ్బకు బంతి జానెడు దూరంలో ఆగింది. నాలుగోది గుంట అంచు ఎక్కి, చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, బయటే నిలబడింది.

ముకోసే మళ్లీ ఎత్తిన ఈల మధ్యలో తెగింది. అయిదో దెబ్బకు గానీ బంతి లోపల పడలేదు.

కార్యదర్శి బిరుంగి రెండు కార్డులూ కలిపి, మళ్లీ కలిపి, కళ్లజోడు తీసింది. "నూట యాభై ఏడు. ఒక్కటే ఎక్కువ, ఇసబిర్యే. ఏం చేయను?"

"నేను ముందే చెప్పాను," అన్నాడు కోచ్, సభ్యులందరికీ వినబడేలా. "నా మాట విని ఉంటే..."

"విన్నాను సార్. మొన్నటి దాకా, నిన్నంతా మీ మాటే విన్నాను. ఎనభై నాలుగు. ఇవాళ నా ఒంటి మాట విన్నాను. డెబ్బై మూడు. తప్పింది ఎవరో మీరే లెక్క చూసి చెప్పండి. నాకంత చదువు లేదు."

ఈసారి సభ్యులెవరూ నవ్వలేదు. కోచ్ ఫోన్‌లోకి చూసుకున్నాడు.

"మేడమ్, వచ్చే ఏటి పరీక్షకు నా పేరు రాయండి."

"ఆ జాబితా ఇంకా తెరవలేదయ్యా."

"తెరవండి."

"మళ్లీ కోచ్ సంతకం కావాలి కదా."

"ఈ రెండు కార్డులూ ఎదురుగా పెట్టుకుని పెట్టమనండి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో రాసిమ్మనండి. ఎవరితోనైనా చదివించుకుంటాను. ఊపు మాత్రం ఇదే."

బిరుంగి ఒకసారి కోచ్ వైపు చూసింది. తర్వాత సొరుగు లాగి తెల్ల కాగితం తీసింది. ఇసబిర్యే రెండు చేతులూ బల్ల మీద ఆనించి, కలం కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.