తొలి ఉతుకు

కొత్త తువ్వాల ఇంటికొస్తే చంద్రవ్వ ముందుగాల దాన్ని బకెట్ల ముంచి పిండుతది. వాళ్ల ఊరి మరమగ్గాల మీద నేసిన గుడ్డ ఇన్న మాటలన్నీ దాసుకుంటది, తొలి ఉతుకుల బయటికి ఇడుస్తది. ఉతకకుంట చుట్టాలకిస్తే ఇంకేమన్న ఉన్నదా! వాళ్లు తడిమొఖం తుడుసుకుంటుంటే మగ్గాల కాడి తిట్లన్నీ ఇనవడ్తయి.

ఆమె పెనిమిటి సిద్దిరాములు అదే ఊరి ఠాణాల హెడ్ కానిస్టేబుల్. ఇరవై ఏండ్ల నౌకరిల "అట్లనే సార్" తప్ప మారుమాట అనలే.

ఓ పొద్దు సర్కారు డిగ్రీ కాలేజీ గేటు కాడ పిల్లలు కూసున్నరు. హాస్టల్ల నీళ్లు రాక పన్నెండొద్దులు. అడిగితే, పర్మిషన్ లేకుంట కాలేజీల ఎవ్వలు మీటింగులు పెట్టొద్దని నోటీసు అంటిచ్చిండ్రు. "మా కాలేజీల మాకు మాట్లాడే హక్కు లేదా?" అని కొత్త గుడ్డ మీద రాసుకొని కూసున్నరు. ఎస్సై భానుప్రసాద్ వాళ్లను లేపి పంపిచ్చి, ముందల కూసున్న అమూల్యను, ఆ గుడ్డను ఠాణాకు తెచ్చిండు.

"పోలీసుల మీద పడమని పిల్లల్ని ఎగేసిందని రాయి సిద్దిరాములూ. ఆ ఒర్లుడు జీపు దాక ఇనవడ్డది."

"ఒర్లలే సార్! నా గొంతే గంత!" అన్నది అమూల్య. బల్ల మీది గ్లాసు అదిరింది. "కేసైతే హాల్‌టికెట్ ఇయ్యరు సార్. ఆఖరు ఏడాది..." పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మరమగ్గాల నడుమ పెరిగిన పిల్ల. ఆ చప్పుడుల గట్టిగ అనకుంటే ఆకలైతుందన్న మాట గూడ అవ్వకు ఇనవడదు. బయటి ఊరి ఎస్సైకి ఇదేం ఎరుక పాపం!

జప్తు జేసిన గుడ్డను ఉతికి, ఇన్నది రాసుడు ఆ ఠాణా రివాజు. "టైం లేదు. ఉతికినం, ఏం ఇనవడలేదని రాసెయ్యి," అన్నడు ఎస్సై.

సిద్దిరాములుకు పానం నిమ్మలమైంది. ఆ ఎంటనే సిగ్గైంది. గేటు కాడ ఆ గుడ్డ మడత పెట్టుకుంట తను గొణిగిన మాట ఒకటి దాంట్ల ఉన్నది. అది బయటవడ్తే నౌకరి ఏమైతదో! ఉతకకుంటే పిల్ల చదువు పోతది. పెన్నుకు మూత పెట్టిండు.

"రివాజు రివాజే సార్," అని లేసి, గుడ్డను బకెట్ల ముంచిండు.

ఠాణా అంత చుట్టూ మూగింది. ఎస్సై గూడ కుర్సీ ఇడిసి మెడ సాపిండు. ముందుగాల మగ్గాల కాడి ముచ్చట: "అరె, చాయ్ ఇంక రాలేదా?" తర్వాత అమూల్య గొంతు, నీళ్లు తొణికేటట్టు: "పోలీసు సార్లు ఎండల నిలవడ్డరు. జర జరుగుండ్రి, నీడకొస్తరు!"

ఎస్సై మొఖం చిన్నగైంది. ఆఖరుకు ఓ సన్నటి గొంతు: "ఈ పిల్ల అడిగిందాంట్ల తప్పేమున్నది? తప్పు మనదే."

"ఎవలదది?"

"నాదే సార్," అన్నడు సిద్దిరాములు, గట్టిగ.

 ఎస్సై కేసు కాయితం చింపి, పిల్లను ఇంటికి తోలమన్నడు. పది రోజులకు సిద్దిరాములును దూరంల ఉన్న ఇచ్చోడ ఠాణాకు మార్చిండ్రు.

అక్కడ సామాన్లు సదురుకుంటుంటే అమూల్య బాపు నేసి పంపిన కొత్త తువ్వాల వచ్చింది. చంద్రవ్వ అలవాటు చొప్పున బకెట్ల ముంచింది.

"సార్, హాల్‌టికెట్ వచ్చింది!"

వాడకట్టోళ్లంత ఏమైందోనని బయటికి ఉరికొచ్చిండ్రు.