బొట్టు పెట్టిన కంప్యూటర్

అత్తమ్మ ఒళ్లో చాట ఉంది, చాటలో బీడీలు ఉండాల్సిన చోట నా కంప్యూటర్ క్యాబినెట్ మూత తీసి వెల్లకిలా పడుకుని ఉంది, ఆమె తునికాకు కత్తిరించే కత్తెర కొసతో లోపలి వైర్లను ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ పేలు చూసినట్టు చూస్తోంది. మేం కూర్చున్నది ఆమె ముప్పొద్దులా పనిచేసిన బీడీ కార్ఖానా వరండానే, కానీ గోడలకు శ్రీహరి ఫోటో స్టూడియోలోని నీలం పరదాలు వేలాడుతున్నాయి, వరండా చివర మా వంటింటి గట్టు మొదలవుతోంది, ఇవన్నీ ఒక్కచోటికి ఎలా వచ్చాయని నాకు అనుమానం రావడం లేదు. అత్తమ్మ చనిపోయిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, అయినా కొత్త ఊళ్లో పని కుదిరిన మనిషిలా ధీమాగా కూర్చుని ఉంది.

"ఏందే స్వరూపా, అన్నీ కొత్తయే తెచ్చి కుప్పబోసినవ్, ఇది నడవదాయె," అంటోంది.

"నడుస్తది అత్తమ్మా, కొంచెం సేపు మంచిగనే నడుస్తది, ఆ తర్వాతనే..."

నా మాట పూర్తి కాకముందే అంతా హ్యాంగ్ అయిపోతుంది. కార్ఖానా ఫ్యాను రెక్కలు నిలిచిపోతాయి, బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు దారం మీదే ఆగిపోతాయి, ఎగిరిపోతున్న కాకి గాలిలో అతుక్కుపోతుంది, అత్తమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంటుంది. బతికున్నన్నాళ్లూ మా కనకవ్వ అత్తమ్మ నోరు మూయించిన మొనగాడు కరీంనగర్‌లో పుట్టలేదు, ఆ పని ఈ దిక్కుమాలిన డబ్బా చేసిందని నాకు ఒళ్లు మండిపోతుంది. వంగి చాటలోని క్యాబినెట్ బటన్ నొక్కి పట్టుకుంటాను, అందరూ మాయమై మళ్లీ వస్తారు, అత్తమ్మ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

"ఏందే స్వరూపా, అన్నీ కొత్తయే తెచ్చి..."

"ఆ మాట అయిపోయింది అత్తమ్మా, ముందుకు పో."

"ముందుకేం పోతనే, వాడు నవ్వుతున్నడు ఇనవడ్తలేదా?"

వినిపిస్తోంది. నీలం పరదా వెనక నుంచి శ్రీహరి నవ్వు. ఏళ్ల తరబడి వాడి స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేశాను, ప్రతి ఆల్బమ్ మీదా వాడి పేరే వేసుకున్నాడు, ఒక్కసారి పక్కన నా పేరు కూడా వెయ్యమన్నందుకు "పని దొరికింది సాలదా, ఆడోళ్లకు పేరెందుకు" అన్నాడు. ఆ రోజే లేచి వచ్చేశాను. విడిభాగాలు కొని తెచ్చుకుని, ప్రతి స్క్రూ నా చేత్తో బిగించి, ఇంట్లోనే ఈ కంప్యూటర్ కట్టుకున్నాను, నా పేరుతో మొదటి ఆల్బమ్ ఒప్పుకున్నాను. పెళ్లివాళ్లు ఈ సాయంత్రమే వస్తారు, ఇదేమో తలంబ్రాల పేజీ దగ్గరికి రాగానే బిగుసుకుపోతోంది. ఆల్బమ్ ఇవ్వలేకపోతే వాళ్లు శ్రీహరి దగ్గరికే పోతారు, వాళ్ల వెనకే నేనూ తల వంచుకుని పోవాలి.

"పో మరి," అంటుంది అత్తమ్మ, నేను పైకి అనకపోయినా. "నేను వంచలేదా మెడ? చాట ముంగట వెట్టుకొని, బీడీలు లెక్కవెట్టి తీస్కునే టేకేదారు ఎప్పుడు పిలుస్తడా అని కూసోలేదా? నువ్వేమన్న పటేలు బిడ్డవా?"

"నువ్వా, మెడ వంచింది? బీడీలు మంచిగ లేవని ఆ టేకేదారు ఇసిరేస్తే, కట్ట ఇప్పి ఒక్కొక్కటి వాని ముక్కు కాడ వెట్టి, ఏది మంచిగ లేదో సూపియ్యమన్నది ఎవరు? నాకు చెప్పకు అత్తమ్మా. నేను పోను."

ఆమెకు నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలో మళ్లీ హ్యాంగ్ అవుతుంది, బటన్ నొక్కితే మిగతా సగం నవ్వుతుంది.

"సరే తియ్, ఏమేం జూసినవో చెప్పు."

"కరెంటు ఇచ్చే డబ్బా మార్చి చూసిన. విండోస్ తీసేసి మళ్లా ఎక్కించిన. వేడెక్కుతుందేమోనని మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టిన, ప్రాసెసర్ మీద పేస్టు తుడిచి కొత్తది రాసిన. గ్రాఫిక్స్ కార్డు పీకి పెట్టిన, హార్డ్ డిస్కు వైరు మార్చిన."

నేను పేరు చెప్పినకొద్దీ ఆ వస్తువు క్యాబినెట్‌లోంచి దిగి, బీడీల ఆడవాళ్ల వరుసలో వెళ్లి కూర్చుంటోంది, వాళ్లు కొంగులు సర్దుకుని జాగా ఇస్తున్నారు. ప్రతి దాని మీదా ఎర్రటి బొట్టు ఉంది.

ఆ బొట్లు నేనే పెట్టాను. మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా అత్తమ్మ బొట్టు పెట్టనిదే ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, కుక్కరైనా సరే, కుర్చీ అయినా సరే. మామ పోయాక నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తడిగుడ్డతో ఆమె నొసటి బొట్టు తుడిచారు, నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆ తర్వాత ఇంటికి ఫ్రిజ్ వచ్చినప్పుడు మా ఆడబిడ్డ "నువ్వు పెట్టద్దమ్మా, ముత్తైదువ పెట్టాలె" అని కుంకుమ భరిణె అందుకోబోయింది. అత్తమ్మ దాన్ని లాక్కుని, "నా నొసలు మీ చేతిల వెట్టిన, నా ఇల్లు గూడ వెట్టాల్నా?" అని ఫ్రిజ్ తలుపు నిండా అరచేతి మందాన బొట్టు పెట్టింది. అందుకే ఈ కంప్యూటర్ కట్టేటప్పుడు, ఆమె లేదు కాబట్టి, ఆమె భరిణెలోంచే కుంకుమ తీసి ఒక్కో భాగానికీ బొట్టు పెట్టి మరీ బిగించాను.

"అందరు వచ్చిన్రా?" అని వరుస చూస్తూ అడుగుతుంది అత్తమ్మ.

"వచ్చిన్రు."

"అబద్ధాలాడకు."

ఆమె క్యాబినెట్‌లో చెయ్యి పెట్టి రెండు పచ్చ పలకలు పైకి తీస్తుంది, ఒక్కోటి జానెడు కూడా లేదు. అవి ర్యామ్‌లు, చేస్తున్న పనిని కంప్యూటర్ అప్పటికప్పుడు పట్టుకునేది వాటిలోనే.

"వీటినెందుకు జూడలె?"

"చూసిన. తీసి మళ్లా పెట్టిన."

"తుడిసినవా?"

పలక మీద పెట్టిన బొట్టు ఎండి పొడి పొడిగా కిందికి రాలి, స్లాటులోకి దిగే బంగారు రంగు పళ్ల మీద పడి ఉంది. తెలియక కాదు, చెయ్యి రాక తుడవలేదు. ఏడుపు కోపంగా బయటికి వస్తుంది.

"నీ బొట్టు నేను తుడవ అత్తమ్మా! తుడిసినోళ్లను చూసిన. వాళ్ల లెక్క నేను చెయ్య. కంప్యూటర్ నడిస్తే నడవనియ్యి, లేకుంటే మన్నువడనియ్యి!"

ఫ్యాను ఆగుతుంది, కాకి ఆగుతుంది, బీడీల వేళ్లు ఆగుతాయి, అత్తమ్మ మాత్రం ఈసారి ఆగదు.

"పిచ్చిదానా, వాళ్లు నన్ను ఆపుదామని తుడిసిన్రు. నువ్వు నడిపిద్దామని తుడువు."

పలక నా చేతిలో పెడుతుంది. నేను కొంగుతో ఆ పళ్లను రుద్దుతాను, గట్టిగా, పంతం పట్టినట్టు రుద్దుతాను, ఎర్రదనమంతా నా వేలికి ఎక్కుతుంది, వేలు అట్లాగే పైకెత్తి ఏం చెయ్యాలో తెలియక ఆమె వైపు చూస్తే, ఆమె నొసలు ఖాళీగా, నున్నగా, నాకు ఎదురుగా ఉంది.

"వద్దు, మంది జూస్తున్నరు," అంటుంది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"చూడనియ్యి. ఎవరొస్తరో రానియ్యి. ఇక్కడికి తడిగుడ్డ పట్టుకొని ఎవరొస్తరో నేను చూస్త."

పెడతాను. ఫ్యాను తిరుగుతుంది, కాకి పరదా మీదుగా ఎగిరిపోతుంది, శ్రీహరి నవ్వు ఎక్కడో అడుగున పడిపోతుంది, అత్తమ్మ నొసలు తడుముకుంటూ "ఇగ వాడు ఫోన్ జేస్తె నువ్వు..." అంటూ నోరు తెరిచి ఆగిపోతుంది, మళ్లీ హ్యాంగ్ అయిందనుకుని నేను బటన్ కోసం తడుముతాను, చాట లేదు, క్యాబినెట్ లేదు, చేతికి కీబోర్డు తగులుతుంది.

మధ్యాహ్నం ఎండ టేబుల్ మీద పడుతోంది. బల్ల మీదే తల పెట్టి నిద్రపోయాను. తెర మీద తలంబ్రాల పేజీ బిగుసుకుపోయి ఉంది, పక్కన ఫోన్ మోగి మోగి ఆగింది, శ్రీహరి.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ర్యామ్‌లు రెండూ బయటికి తీస్తాను. కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే ఒకదాని బంగారు పళ్ల మీద సన్నగా ఎర్రటి పొడి. రబ్బరు తీసుకుని తుడుస్తాను. చెయ్యి ఆగదు. స్లాటును బ్రష్‌తో దులిపి, బిగించి, ఆన్ చేస్తాను. తలంబ్రాల పేజీ వస్తుంది, దాటుతుంది, అప్పగింతల పేజీ వస్తుంది, అదీ దాటుతుంది, ఎక్కడా ఆగకుండా ఆల్బమ్ చివరిదాకా నడుస్తుంది.

ఫోన్ మళ్లీ మోగుతుంది.

"ఏం స్వరూపా, డబ్బా నడుస్తలేదట గద. ఎప్పుడొస్తున్నవ్ మరి?"

"నీ కాడ పని ఎక్కువైతే నా ఇంటికి పంపియ్యన్నా, చేసి పెడ్త. పేరు మాత్రం నాదే ఉంటది."

అని పెట్టేసి చూస్తే, ఫోన్ అద్దం మీద, నేను పట్టుకున్న చోట, నా వేలు ఆనిన ముద్ర గుండ్రంగా, ఎర్రగా పడి ఉంది.

తుడవను.