ఎర్రమట్టి మలుపులో బూడిద

బండి మంచులో కూరుకుపోయిందని తెలిసి సంతోషించిన మనిషి రంగ్‌చా ఊరు మొత్తం మీద దెచెన్ ఒక్కతే. ఆ సంతోషం ఎవరి కంటా పడకుండా, పిడకలు తెచ్చే వంకతో కొట్టంలోకి పోయి గొర్రెల మధ్య కాసేపు నిలబడి వచ్చింది.

బండి తోలేది ఆమె మొగుడు తాండుప్. కింద రాంపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పికప్ నడుపుతాడు. పల్మో కడుపులో ఉండగా వెళ్ళినవాడు, పిల్ల పుట్టాక ఒక్కసారి వచ్చి ఒక్క పూట ఉండి పోయాడు. ఆ తర్వాత వచ్చేది గొంతొక్కటే. అదీ గాలి అణిగిన రోజున, కొండకొమ్ము మీద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంటే. "నాన్నే తల్లీ, నాన్న" అంటూ దెచెన్ ఫోను చెవి దగ్గర పెడితే పల్మో దాన్ని లాక్కుని నోట్లో పెట్టుకునేది.

ఈసారి పై ఊరు కిర్లాకి చలికాలం పిండి, ఉప్పు వేసుకుని బయలుదేరాడు. కిర్లా దారి రంగ్‌చా కింద నుంచే పోతుంది. అక్కడ ఎర్రమట్టి మలుపులో గాలి పోగేసిన మంచులో బండి ఇరుసుల దాకా దిగబడింది. చీకటి పడే వేళకి మీసాలకి మంచు కట్టించుకుని ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు తాండుప్. ఆ మీసాలూ గడ్డమూ చూసి పల్మో ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

అదే పల్మో మూడోనాటి పొద్దున అతని ఒళ్ళో కూర్చుని, వేపిన బార్లీ పిండి ముద్ద సగం తాను నాకి, మిగతా సగం అతని నోట్లో కుక్కుతోంది. దెచెన్ ఉప్పు టీ చిలుకుతూ ఆ ఇద్దర్నీ చూసీ చూడనట్టు చూసింది. తిన్నగా చూస్తే ఎక్కడ చెదిరిపోతుందోనని భయం.

"ఇవాళ బండి పైకి రాకపోతే ఇక వసంతం దాకా అంతే," అన్నాడు తాండుప్ పిల్ల వేళ్ళు తుడుస్తూ. "సాయంత్రానికి మళ్ళీ మంచు పడుతుందట. తక్పా తాత ఆకాశం చూసి చెప్పాడు."

"వస్తుందంటావా?"

"గేరు పట్టేసింది. నిన్న ఊరంతా లాగితే ఒక్క జాన కదిలిందా?"

"మీ కాంట్రాక్టరు ఊరుకుంటాడా మరి?"

"అరవాలంటే ఫోను కలవాలిగా ఆయనకి," అని నవ్వాడు.

వసంతం దాకా. ఆ మాట దెచెన్ నాలుక మీద వెన్నలా ఉండిపోయింది. అప్పటికి పిల్ల నిలబడుతుంది, నాలుగడుగులు వేస్తుంది, ఆ పడబోయేదేదో ఇతని చేతుల్లోనే పడుతుంది. పిల్ల దగ్గితే లేచి కూర్చోవడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటాడు. పోయిన చలికాలమంతా ఆమె సరిగా పడుకున్నది లేదు. పిల్ల ఊపిరి వినబడకపోతే భయం, గట్టిగా వినబడితే భయం. పొయ్యి గొట్టం మంచుతో మూసుకుపోయి ఇల్లంతా పొగ కమ్మేస్తుందేమోనని, చంకలో పిల్లతో మాటిమాటికీ బయటికి పోయి కప్పు మీదికి చూసేది. చూడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

బండి కదలకూడదని ఆమె దేవుడికి మొక్కుకోలేదు. అంత పాపం చెయ్యలేదు. కదలాలని కూడా మొక్కుకోలేదు.

*

పల్మోని వీపున కట్టుకుని, టీ కెటిలు పట్టుకుని ఆమె మలుపు దగ్గరికి దిగేసరికి కిర్లా వాళ్ళు వచ్చి ఉన్నారు. ఊరుమ్మడి పని పడితే ఇంటికొక మనిషి రావాలన్నది రెండూళ్ళ కట్టుబాటు. ఇంట్లో ఎవరుంటే వాళ్ళే. మగవాళ్ళు కూలికి దిగిపోయిన ఇళ్ళ నుంచి ముసలాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు. అందరి భుజాల మీదా జడలబర్రె వెంట్రుకలతో పేనిన తాళ్ళు.

ముందు చక్రాల చుట్టూ మంచు నిన్ననే తవ్వేశారు. బండి ఒంటి నిండా పిండి బస్తాలతో ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది, ఎవరి మీదో అలిగినట్టు.

"రాంపూర్ దొరగారు లేచారా?" అన్నాడు తక్పా. ఆయన అందరికీ తాతే. తాతని ఇక్కడ 'మేమే' అంటారు, అందరూ అలాగే పిలుస్తారు. "మా రోజుల్లో గాడిద కూరుకుపోతే చెవి మెలిపెట్టేవాళ్ళం. దీనికి చెవెక్కడ ఉందో చూపించు."

"దీనికి చెవుల్లేవు మేమే. ఉంటే మీ మాటలకి ఎప్పుడో లేచి పారిపోయేది," అన్నాడు తాండుప్.

అందరూ నవ్వారు. దెచెన్ టీ పోస్తూ వచ్చి చివరున్న మనిషి దగ్గర ఆగింది. కెసాంగ్. మొన్ననే కాన్పయిందని విన్న మనిషి.

"నువ్వెందుకొచ్చావే? పసివాడు?"

"అత్త దగ్గరున్నాడు. ఆవిడ కాళ్ళు కదలవు, ఈయనేమో ఎక్కడో రోడ్డు పనిలో ఉన్నాడు. మా ఇంటి మనిషిని నేనే కదా," అంది కెసాంగ్. కప్పు రెండు చేతులా పట్టుకుని గడగడా తాగింది. "డబ్బాలో పిండి గీకితే రేకు శబ్దం వస్తోంది. ఈ దిక్కుమాలిన బండి కదిలితే చాలు, పరుగెత్తి పోతాను."

వీపు మీద పల్మో ఆకలికి రాగం తీసింది. గాలి సూదిలా ఉంది. దెచెన్ బండి తలుపు తీసి లోపల కూర్చుని పిల్లని రొమ్ముకి అదుముకుంది. అద్దాల లోపల గాలి లేకపోయినా చలి చలే. రెండు సీట్ల మధ్య తాండుప్ కోటు పడేసి ఉంటే, పిల్ల పాదాలకి చుడదామని లాగింది.

కోటు కింద హ్యాండ్‌బ్రేకు నిక్కపొడుచుకుని పైకి లేచి ఉంది.

వంగి మళ్ళీ చూసింది.

ఈ కొండల్లో చలికాలం ఎవరూ హ్యాండ్‌బ్రేకు లాగరు. లాగితే చక్రంలోని డ్రమ్ములో తడి గడ్డకట్టి బ్రేకు అంటుకుపోతుంది, చక్రం బిగుసుకుపోతుంది. బండి ఆపితే టైరు కింద రాయి పెడతారు, అంతే. పలక పట్టకముందే పిల్లలకి తెలిసే సంగతి. తండ్రి జీపు కింద రాళ్ళు పెడుతూ పెరిగిన తాండుప్‌కి తెలియకపోవడమా? రాంపూర్‌లో ఉండి మర్చిపోయాడనుకుందామంటే, వెనక చక్రాల పక్కన అతను పెట్టిన రెండు రాళ్ళూ ఇప్పుడే చూసింది. లాగడానికి అడ్డమని తీసి వరసగా పక్కన పెట్టారు.

రాళ్ళూ పెట్టాడు. బ్రేకూ లాగాడు. ఆ పైన కోటు కప్పాడు.

ఆమె ముఖంలోకి వేడి తన్నుకొచ్చింది. నిన్నంతా ఊరు అరచేతులు కొట్టుకుపోయేలా లాగుతుంటే, ఈ మనిషి స్టీరింగ్ పట్టుకుని లోపల కూర్చుని, ఇలా. దొంగ. తనకోసం దొంగ అయ్యాడు. పెళ్ళి నాడు కూడా ఆమెకి ఇంతగా గుండె కొట్టుకోలేదు.

కోటు తీసినట్టే తీసి, ఉన్నట్టే కప్పేసింది. పిల్ల కాళ్ళని తన శాలువాలో చుట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. తాండుప్ ఎక్కబోతూ ఆమెని చూశాడు, కోటు వైపు చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు.

"పిల్ల తాగిందా?" అన్నాడు.

"తాగింది," అని దిగిపోయింది.

*

తక్పా కూత వేశాడు. తాళ్ళు బిగిశాయి. మడమలు మంచులో గుచ్చుకున్నాయి. బండి ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగి ఆగిపోయింది.

"మళ్ళీ."

మళ్ళీ లాగారు. ఎవరో జారి పడితే, "వీడు ఇంట్లో పెళ్ళాం చేతికి కూడా ఇలాగే చిక్కుతాడు," అని ఒకరన్నారు, తాడు వదలకుండానే నవ్వారు. దెచెన్ కూడా తాడు చివర పట్టుకుంది. ఎంత లాగుతున్నట్టు కనబడాలో అంతే లాగింది. లేచి ఉన్న ఆ బ్రేకు తన అరచేతిలోనే ఉన్నట్టుంది. వసంతం దాకా, వసంతం దాకా, అనుకుంది.

ఆమె ముందు కెసాంగ్ వీపు. ప్రతి కూతకీ ఆ వీపు వంగుతోంది, లేస్తోంది. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కెసాంగ్ పక్కకి తిరిగి, చేతులు అడ్డం పెట్టుకుని చొక్కా సర్దుకుంది. అప్పుడు చూసింది దెచెన్. రొమ్ముల దగ్గర మందపాటి ఉన్ని చొక్కా మీద రెండు తడి మచ్చలు. ఒకటి అప్పుడే అంచుల్లో తెల్లగా గడ్డకడుతోంది.

"వాడు లేచినట్టున్నాడు," అంది కెసాంగ్ సిగ్గుగా నవ్వి. "వాడక్కడ ఏడిస్తే ఇక్కడ నాకు కారిపోతుంది."

"పట్టండి, పట్టండి," అన్నాడు తక్పా. "ఇంకొక్క పట్టు. కాకపోతే వదిలేద్దాం. ఇక పిండి మోసుకుపోవడమే, ఎవరి వీపు ఎంత మోస్తే అంత."

కెసాంగ్ తాడుని మణికట్టుకి మరో చుట్టు చుట్టుకుంది.

దెచెన్ తాడు వదిలేసింది.

"మేమే, ఆగండి," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "వెనక చక్రాలు చూశారా? తిరగట్లేదు, ఈడ్చుకొస్తున్నాయి. గేరు కాదేమో. రాంపూర్ అలవాటుకొద్దీ హ్యాండ్‌బ్రేకు లాగి మర్చిపోయాడేమో, అడగండి."

అందరూ బండి వైపు తిరిగారు. అద్దం వెనక తాండుప్ ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల దించుకోలేదు. చాలాసేపటికి అతని భుజం ఒకటి కిందికి వంగింది. లోపల టక్కుమని బ్రేకు పడిన చప్పుడు అందరికీ వినబడింది.

తలుపు తెరిచాడు. "అవును," అన్నాడు. "లాగాను. మర్చిపోయాను."

నవ్వులు కొండకి కొట్టుకుని తిరిగొచ్చాయి.

"గొప్ప డ్రైవరే. రేపు మంచు ఏ రంగులో ఉంటుందని అడుగుతాడు."

"ఇంక నడుం పట్టీ తమరే కొనిపెట్టాలి దొరగారూ."

"వదిలెయ్యండర్రా. కింద ఊళ్ళలో వేడికి బుర్ర కరిగిపోయి ఉంటుంది."

తాండుప్ అన్నీ నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. తక్పా మాత్రం నవ్వలేదు. వెనక చక్రాల పక్కన వరసగా ఉన్న రాళ్ళని కాలితో తాకి, దెచెన్‌కి మాత్రమే వినబడేలా, "రాళ్ళు పెట్టడం మాత్రం మర్చిపోలేదు," అన్నాడు. ఇంకేమీ అనకుండా నిప్పు తెమ్మని కేకేశాడు.

బ్రేకు వదిలినా డ్రమ్ములో గడ్డకట్టింది కరగాలి. వేడినీళ్ళు పోస్తే మళ్ళీ గడ్డకడుతుంది. నిప్పులే కావాలి, డబ్బాలో పోసి చక్రం కింద పెట్టాలి. దెచెన్ అందరికంటే ముందు ఇంటికి పరుగెత్తింది. పొయ్యిలో ఉన్న నిప్పంతా రెండు నూనె డబ్బాల్లోకి తోడేసింది, ఒక్క కణిక మిగల్చకుండా. ఎవరో నెడితే నడిచినట్టు మలుపుకి దిగింది. తానే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చక్రం కింద ఒక్కో డబ్బా పెట్టింది.

తర్వాతి పట్టుకి డ్రమ్ములో ఏదో ఫట్‌మని విరిగింది. చక్రాలు తిరిగాయి. బండి ముందుకు దూకినంత పని చేసింది. తాడు పట్టుకున్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

*

టైర్లకి గొలుసులు బిగించాడు తాండుప్. కిర్లా వాళ్ళు మంచు తొక్కుతూ ముందు నడిచారు. అందరికంటే ముందు కెసాంగ్, అన్నట్టుగానే పరుగులాంటి నడకతో.

తాండుప్ కోటు తీసుకొచ్చి పల్మో చుట్టూ కప్పాడు. పల్మో అతని గడ్డం పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.

"తెలిసే చెప్పావా?" అన్నాడు మెల్లగా.

"తెలిసే."

"ఉండొద్దనా?"

ఆమె కెసాంగ్ వెళ్ళిన వైపు చూపించింది. "ఆవిడ పాలు మంచులో కారిపోతున్నాయి. నేను చూడకుండా ఉండాల్సింది. చూశాను."

అతను పైదారి వైపు చూసి తల వంచుకున్నాడు. "బస్తాలు దింపి రేపు దిగుతాను. ఇక్కడే ఆపుతాను."

"ఆపితే రాయి పెట్టు. చాలు."

బండి ఎక్కుతూ పోయింది. ఒక వంపు తిరిగింది, ఇంకో వంపు తిరిగింది. తర్వాత చప్పుడొక్కటే, తర్వాత అదీ లేదు. పల్మో చెయ్యి ఇంకా గాలిలో తెరిచి మూస్తోంది.

సాయంత్రం దాకా ఆగలేదు మంచు. మధ్యాహ్నానికే మొదలైంది. తక్పా అరచెయ్యి చాచి ఒక మంచు రేకు పట్టి చూసి, "రేపు దిగడమంటే," అని ఆపేశాడు.

ఆయన ఆపేసింది దెచెన్‌కి వినబడింది. ఇది ఇలాగే పడితే పైదారి మూసుకుపోతుంది. లోయకి అటు కిర్లా, ఇటు రంగ్‌చా. ఒకరి పొగ ఒకరికి కనబడుతూ చలికాలం గడిచిపోతుంది.

చక్రాల కింద పెట్టిన నిప్పు డబ్బాలు ఆమె తీసింది. నిప్పు చచ్చిపోయి బూడిద మిగిలింది. గుప్పెడు తీసి మలుపులో దారి మీద చల్లింది. ఇంకో గుప్పెడు. చలికాలమంతా దాచిన బూడిద వసంతంలో పొలాల మీద చల్లడం ఆడవాళ్ళ పని. నల్లగా ఉన్నచోట ఎండ పట్టుకుని మంచు తొందరగా కరుగుతుంది, దున్నడం ముందుకొస్తుంది.

"అమ్మాయ్," అన్నాడు తక్పా. "అది ఎండకి పనిచేసేది. మబ్బులో అది బూడిదే."

"తెలుసు మేమే."

"కిర్లా దాకా చల్లుతావా ఏంటి?"

"చాలినంత దాకా."

ముసలాయన గొణుక్కుంటూ రెండో డబ్బా తీసుకుని అటువైపు నుంచి చల్లుకుంటూ వచ్చాడు. ఇద్దరూ ఎదురుపడేలోగానే మొదట చల్లింది తెల్లగా అయిపోయింది.

ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. పక్కింటికి పోయి నిప్పు అడిగి తెచ్చింది. పల్మో కోటులో కూరుకుపోయి కూర్చుని, దాని చెయ్యి అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది, ఫోనుని చప్పరించినట్టే. కిటికీలోంచి, పడుతున్న మంచు సందుల్లోంచి, లోయకి అటు కిర్లా పొగలు కనబడ్డాయి. చాలా ఇళ్ళలో రొట్టెలు కాలుతున్నట్టున్నాయి. ఏ ఇంట్లో కూర్చున్నాడో, ఎవరు పెట్టింది తింటున్నాడో.

దెచెన్ పొయ్యిలో పిడకలు పెట్టింది. ఆ గదికి అవసరమైనవి పెట్టి, పైన ఇంకో రెండు పెట్టింది. రేపటికి బూడిద కావాలి.