ముందే చూపొచ్చిన చేపలు

ఏడో గాలపు ముల్లుని బల్ల అంచునున్న ఇనప పట్టు, వైస్‌లో బిగించి, మేక వెంట్రుకల గుత్తిలోంచి చిటికెడు తెల్లవి తీసింది కళ్ళత్త. ముల్లు మెడ మీద రెండు గాజుకళ్ళు అప్పటికే అతికి ఉన్నాయి. పొట్టకి తెలుపు, వీపుకి ఆకుపచ్చ, మధ్యలో రెండు మెరుపుపోగులు. దారం నాలుగు చుట్లు, ఒక ముడి. వేలెడంత ఉత్తుత్తి చేప తయారు. నీళ్ళలో లాగితే నిజం చేపే అనుకుని వేటచేప నోరు తెరుస్తుంది.

గాలాల దుకాణం వెనకగదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే. కళ్ళు అతకడంలో అంత చెయ్యి తిరిగినవాళ్ళు లేరు గనక అసలు పేరు అందరూ మర్చిపోయారు.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. కళ్ళు ఆఖర్నే పెట్టాలి. అదీ చేప మూతిని గోడవైపు తిప్పి పెట్టాలి. ఒళ్ళు రాకముందే కళ్ళొస్తే, చేస్తున్న మనిషిని అది చూసేస్తుందట. చూస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆర్నెల్లుగా మధ్యాహ్నమయ్యేసరికి ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. అతికిన గాజుకళ్ళు వంకరపోయి, చేప నీళ్ళలో పక్కకి ఒరిగిపోతోంది. యజమాని నిన్న మెత్తగానే చెప్పాడు. ఇవాళ సాయంత్రానికి డజను చేపలు, లాగి చూసే నీళ్ళ తొట్టిలో ఒక్కటీ ఒరగకూడదు. ఒరిగితే బల్ల ఇంకొకరిది, ఆమె ముందుగదిలో పెట్టెలకి చీటీలు అంటించుకోవచ్చు. మొగుడు పోయిన మర్నాడు కూడా వచ్చి కూర్చున్న బల్ల అది.

అందుకే ఇవాళ అందరికన్నా ముందొచ్చి, చెయ్యి నిలకడగా ఉండగానే పన్నెండు వట్టి ముళ్ళకీ కళ్ళు పెట్టేసింది.

ఎదుటి బల్ల దగ్గర చేపల తలలకి వార్నిష్ పూసేవాడు ఆమెకి వరసకి మరిది, అంటే పదిహేనేళ్ళ కిందట తనే కలుపుకున్న వరస. అతని కుంచె ఆగింది.

"ఏం వదినా, ఒళ్ళు లేకుండానే చూపులా?"

"నన్ను చూసి అవేం చేస్తాయి మరిదీ? జడుసుకుంటాయంతే."

అతను నవ్వాడు గానీ, కాసేపటికి స్టూలు కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

ఎనిమిదోది కడుతున్నప్పుడు ఆమెకి మొదటిసారి తెలిసింది. వైస్‌ని ఎటు తిప్పినా ఆ చూపు ఆమె మొహం మీదే ఉంటోంది. కిటికీ మూసే ఉంది, అయినా వెంట్రుకలు ఊపిరి తీసినట్టు లేచి పడుతున్నాయి. దారం బిగించినప్పుడల్లా తన పక్కటెముకల చుట్టూ ఏదో ఒక చుట్టు బిగుసుకుంటోంది. ఆమె ఆపలేదు.

సాయంత్రానికి పదకొండయ్యాయి. యజమాని ఒక్కొక్కదాన్నీ తొట్టిలో లాగి చూశాడు. ఒక్కటీ ఒరగలేదు. అన్నిటినీ అడ్డకర్రకి దారాలతో నీళ్ళలోకి వేలాడదీశాడు.

"ఇంకొక్కటే కదత్తా. బల్ల నీదే," అని నవ్వుతూ ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

తొట్టిలో నీళ్ళు కదలడం లేదు. పదకొండు మూతులూ ఆమెవైపు తిరిగి ఉన్నాయి. ఆమె చుట్టూ నడిచి అవతలిపక్క నిలబడింది. తాపీగా, ఒకదాని వెనక ఒకటి, అవీ తిరిగాయి.

మరిది చూడనే చూశాడు. "ఆ పన్నెండోది వదిలెయ్ వదినా," అన్నాడు గొంతు తగ్గించి.

"డజనన్నాడు. పదకొండుకి బల్ల ఇస్తాడా?"

కూర్చుంది. తెల్ల వెంట్రుకలు ముల్లు మీద పరిచి ఒక చుట్టు వేసింది. రెండో చుట్టు. అప్పుడు ఆమె చేతుల్లో వణుకు ఆగిపోయింది. అది చూసి మరిది ప్రాణం కుదుటపడింది, మళ్ళీ కుంచె అందుకున్నాడు. చాలాసేపటికి ఆమెని మూడుసార్లు పిలిచి, పలక్కపోతే లేచి వెళ్ళి భుజం పట్టుకున్నాడు. ఆమె ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

ఆమెని తీసుకెళ్ళాక గది తాళం వెయ్యడానికి అతనొక్కడే మిగిలాడు. తొట్టిలో పదకొండూ తలో దిక్కు చూస్తున్నాయి. బల్ల మీద వైస్‌లో పన్నెండోది, సగం పొట్టతో, ఖాళీ కుర్చీకి ఎదురుగా ఉంది. దాని కింద వేలాడుతున్న దారపు కండె, ఎవరూ తాకకుండానే, ముల్లు చుట్టూ మెల్లగా మూడో చుట్టు తిరుగుతోంది.