గౌరవ్వ ఎత్తిన నాటు పాట

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన రోజులవి. మేడిపల్లిలో గౌరవ్వ మనవడు జలపతి పెళ్లి బారాత్ బయలుదేరింది. కోరుట్ల నుంచి వచ్చిన బ్యాండు సామేలు క్లారినెట్ ఎత్తి రెండు వరసలు ఊదాడో లేదో, వెనక నుంచి పోలీసు జీపొచ్చి ఆగింది. ఎస్సై దిగి క్లారినెట్ లాక్కున్నాడు.

"నక్సలైట్ల పాట పెళ్లిలో వాయిస్తావా?"

బారాత్ నిలిచిపోయింది. పాట లేకుండా కోడలిని గడప దాటించడం గౌరవ్వ ఇంట్లో ఏనాడూ లేదు. ఆమె కోడలై వచ్చిననాడు డప్పువాళ్లను దొర వెట్టికి పట్టుకుపోతే, నాట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు బురద కాళ్లతోనే పాడుకుంటూ తీసుకొచ్చారు. ఆనాడు పాడింది ఈ పాటే.

"అది సినిమాల గూడ వచ్చింది, సారూ," అని నసిగాడు జలపతి.

గౌరవ్వకు ఒళ్లు మండింది. ముందుకొచ్చింది.

"సినిమాది గాదు, అన్నలది గాదు. మా అత్త నాట్లేసుకుంట కట్టిన పాట. నడుములు గుంజంగ ఒకతె ఎత్తేది, అందరం అందుకునేది. సినిమావోళ్లు దాన్ల సరసం గలిపిండ్రు. అన్నలు తుపాకి గలిపిండ్రు. సామేలు మాటలే తీసేసి ఊదుతుండు. ఒక్కడన్న నన్నడిగిండా? ఇగ నువ్వు మొత్తానికే గుంజుకపోతవా?"

"నోరు మూసుకో ముసలమ్మా! జీపెక్కిస్తా."

"నువ్వెక్కిచ్చేదేంది? నేనే ఎక్కుత."

కొంగు నడుముకు చుట్టి, వెళ్లి ఎస్సై కూర్చునే ముందు సీట్లోనే కూర్చుంది. భయం లేక కాదు. ఆ జీపులో పోయిన పక్కింటి చంద్రయ్య కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు. అయినా గొంతెత్తింది.

"ఒంగిన నడుము మాది వలలో, నిండిన గరిసె నీదాయె వలలో..."

ఆడవాళ్లు అందుకున్నారు. సామేలు పక్కనున్న డప్పు తీసుకున్నాడు. ఎస్సై తిట్టుకుంటూ వెనక ఎక్కి, "పోనీ!" అని అరిచాడు. పోనివ్వడానికి దారేదీ? ముందు పెండ్లిపిల్ల, చుట్టూ ఆడవాళ్లు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, వాళ్లు బారాత్ నడకే నడిచారు. జీపు వాళ్ల వెనకే పాకింది.

ఇంటి ముందు అందరూ ఆగారు. పెండ్లిపిల్ల గడప దాటి కుడికాలు లోపల పెట్టింది. అప్పటికి గానీ గౌరవ్వ పాట ఆపలేదు.

కొంగుతో చెమట తుడుచుకుని డ్రైవర్ వైపు తిరిగింది.

"మా ఇంటి కోడలు ఇల్లు జొచ్చింది. ఇగ నడువు కొడుకా, ఏడికి తీస్కపోతరో."