బూడిద దిబ్బ మీద ఫౌండ్రీ స్టార్స్

రాన్సమ్ టిబ్స్ కుడిచేతి వేళ్ళలో తిన్నగా ఉన్నది బొటనవేలు ఒక్కటే. మిగతా నాలుగూ బంతి దెబ్బలకు విరిగి, తలో దిక్కుకూ తిరిగి అతుక్కుపోయాయి. మార్లో ఊరి ఫౌండ్రీ స్టార్స్ బేస్‌బాల్ జట్టుకు పదిహేడేళ్ళుగా అతనే క్యాచర్, అతనే కెప్టెన్. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని, పిచ్చర్ విసిరిన ప్రతి బంతినీ ఒడిసిపట్టడం అతని పని. ముప్పై ఏడేళ్ళకే అతని మోకాళ్ళు ముసలివాడి మోకాళ్ళయ్యాయి.

ఆ జట్టు పుట్టింది 1919లో. ఫౌండ్రీలో ఇనప పోతపని చేసే నల్లవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు సరదాకి మొదలెట్టిన ఆట అది. తొమ్మిది మందికి తొమ్మిది జతల బూట్లు కూడా ఉండేవి కావు. మూడో ఏడు, ఊళ్ళో శవపేటికల వ్యాపారం, సొంత శ్మశానం ఉన్న అలాంజో విట్బీ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. జీతాలిచ్చి, ఒక పాత బస్సు కొని, నల్లవాళ్ళ లీగ్‌లో చేర్పించాడు. అక్కణ్ణుంచి ఏడాదికి రెండొందల ఆటలు. హోటళ్ళలో చోటివ్వని ఊళ్ళలో బస్సులోనే పడుకున్నారు. తెల్లారి దిగి, నడుములు విరుచుకుని, ఆడి గెలిచారు. 1929లో కప్పు తెచ్చారు, 32లో తెచ్చారు, 34లో తెచ్చారు. తెల్లవాళ్ళ పెద్ద లీగుల్లో వాళ్ళకు చోటు లేదు. అయినా ఆకురాలే కాలంలో పోటీ పెట్టుకున్న తెల్ల జట్లు ఫౌండ్రీ స్టార్స్ చేతిలో ఓడి, ఆ సంగతి ఇంటికెళ్ళి చెప్పుకునేవి కావు.

ఇంత పేరున్న జట్టుకూ సొంత మైదానం లేదు. ఊళ్ళోని తెల్లవాళ్ళ జట్టు బయటికి వెళ్ళిన రోజుల్లో వాళ్ళ మైదానాన్నే అద్దెకు తీసుకునేవారు. మైదానం యజమానులు గేటు తీసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, టిక్కెట్లు అమ్మేవాళ్ళు. బట్టలు మార్చుకునే గది తాళం మాత్రం తీసేవాళ్ళు కాదు. పధ్నాలుగేళ్ళుగా ఆటగాళ్ళు వయోలా అనే ఆవిడ నడిపే బోర్డింగ్ ఇంట్లో యూనిఫాం వేసుకుని, ఆరు వీధులు నడిచి మైదానానికి వచ్చేవారు. ఆట అయ్యాక చెమటతో, మట్టితో మళ్ళీ ఆరు వీధులు.

1936 సెప్టెంబరులో ఏడు ఆటల ఫైనల్. అవతలి జట్టు మెంఫిస్ పైలట్స్. చెరో మూడు గెలిచాయి. ఆరో ఆట శనివారం, జోరువానలో జరిగింది. ఇరవై రెండేళ్ళ ఎజ్రా క్విలెన్ చివరిదాకా ఒక్కడే బంతి విసిరి గెలిపించాడు. గెలిచి, తడిసి ముద్దై, చలిగాలిలో వణుక్కుంటూ ఆరు వీధులూ నడిచి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున్న రాన్సమ్ బోర్డింగ్ ఇంటికి వచ్చేసరికి ఎజ్రా మూడు దుప్పట్ల కింద ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. పక్కనే కూర్చున్న వయోలా తల తిప్పకుండానే అంది.

"నిమోనియా అన్నాడు డాక్టరు. వేణ్ణీళ్ళు పోసుకుని పొడిబట్ట కట్టుకునుంటే ఇంతదాకా వచ్చేదా? చెప్పు నాయనా. వీధులెంట నడిపించారు పిల్లాణ్ణి."

రాన్సమ్ కిందికి దిగేసరికి హాల్లో పదహారు మంది, చర్చి నుంచి వచ్చిన సూట్లలో, యూనిఫాంలు వేసుకోబోతూ కనిపించారు.

"ఇక్కడ మార్చుకోవద్దు. సంచుల్లో పెట్టుకోండి" అన్నాడు.

"మరెక్కడ మార్చుకుంటాం అన్నా?" అన్నాడు ఓటిస్ అనే కుర్ర ఆటగాడు.

"మైదానంలో గది ఉందిగా."

ఓటిస్ తన సంచి మూతి బిగించి కట్టాడు.

పన్నెండు వేలమందితో మైదానం కిటకిటలాడుతోంది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, వేరువేరు బల్లల మీదైనా అందరూ వచ్చారు. పదిహేడు మంది సూట్లతో, నెత్తిన టోపీలతో వచ్చి బెంచీ మీద వరసగా కూర్చునేసరికి గోల ఒక్కసారిగా తగ్గింది. విట్బీ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? నా కొంప ముంచుతావా?"

"ఆడతాం విట్బీ గారూ. తాళం తీస్తే బట్టలు మార్చుకుని ఆడతాం. ఆట అయ్యాక స్నానం చేసి వెళ్తాం."

"లీజు రద్దు చేస్తారు. వచ్చే ఏడు ఎక్కడాడతావ్, నా శ్మశానంలోనా?"

"ఎజ్రా పోతే వాణ్ణి తీసుకెళ్ళేది అక్కడికేగా!"

ఈలోగా మైదానం మేనేజరు కెస్లర్ వచ్చాడు. లావుపాటి మనిషి, మొహం కందగడ్డలా ఉంది.

"ఏమోయ్ టిబ్స్, ఏంటీ వేషాలు?"

"ఆదివారం వేషాలే సార్. ఆట వేషాలు సంచుల్లో ఉన్నాయి. గది చూపిస్తే వేసుకుంటాం."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. బెంచీ మీద కూర్చోవడం నేరమైతే ఈ పన్నెండు వేల మందినీ పట్టుకెళ్ళాలి."

అంపైర్ గడియారం తీశాడు. పావుగంటలో దిగకపోతే ఫౌండ్రీ స్టార్స్ ఓడినట్టే, కప్పు మెంఫిస్‌దే అని అందరికీ వినబడేలా చెప్పాడు. రాన్సమ్ భయపడ్డాడు. కప్పు పోతుందని కాదు, పక్కనున్న పదహారు మందిలో ఎవరు లేస్తారోనని. ఓరగా చూశాడు. ఎవరూ లేవలేదు.

మెంఫిస్ కెప్టెన్ హార్లన్ బీసన్ మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. రాన్సమ్, అతనూ పదేళ్ళుగా మైదానాల్లో ఒకణ్ణొకడు తిట్టుకుంటున్నవాళ్ళే.

"ఒరే ముసలాడా, పిచ్చిగానీ పట్టిందా? నువ్వు దిగకపోతే కప్పు నాది, తెలుసా?"

"తెలుసు. తీసుకుపో."

"మీ పిల్లాడెలా ఉన్నాడు?"

"ఒళ్ళు తెలీట్లేదు."

హార్లన్ వెనక్కి తిరిగి తన జట్టుకేసి చూశాడు. వాళ్ళు కూడా యూనిఫాం వేసుకున్నది ఒక చర్చి కింది గదిలో, బొగ్గు బస్తాల మధ్య. అతను టోపీ తీసి, రాన్సమ్ పక్కన ధబ్బున కూర్చున్నాడు.

"జరుగు. కూర్చుని గెలిచిన కప్పు పట్టుకెళ్తే మా ఆవిడ గుమ్మం తొక్కనివ్వదు."

మెంఫిస్ వాళ్ళంతా వచ్చి గడ్డి మీద కూలబడ్డారు. రెండు జట్లూ కూర్చున్నాక ఎవరు ఓడినట్టు? అంపైర్ గడియారం జేబులో పెట్టేసుకున్నాడు. నల్లవాళ్ళ బల్లల దగ్గర ఎవరో కాలితో నేలను తట్టడం మొదలెట్టారు. క్షణాల్లో ఆ వైపంతా ఒక్కటే దరువు. అవతలి వైపు తెల్లవాళ్ళు కేకలేశారు. వాళ్ళకు గది గొడవ పట్టలేదు, ఆట కావాలి.

"తాళం తియ్యవయ్యా కెస్లర్! లేదా మా డబ్బులు మాకిచ్చెయ్!"

కెస్లర్ పన్నెండు వేల మందినీ చూశాడు. తాళంచెవుల గుత్తి నేల మీదికి విసిరేసి వెళ్ళిపోయాడు. రాన్సమ్ వంగి తీసుకున్నాడు. ఆ వంకర వేళ్ళతో తాళం తిప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

లోపల పెద్ద విశేషమేమీ లేదు. నాలుగు చెక్క బెంచీలు, గోడకు తుప్పు పట్టిన కొక్కేలు, స్నానానికి ఆరు వేణ్ణీళ్ళ గొట్టాలు. ఒకటి కారుతోంది.

"ఇంతేనా?" అన్నాడు ఓటిస్. "దీన్నా పధ్నాలుగేళ్ళు దాచుకున్నారు?"

పదిహేడు మందీ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే బట్టలు మార్చుకున్నారు. రాన్సమ్‌కు నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఎవరికీ కనబడకుండా బూటు తాళ్ళు కట్టుకోవడానికి వంగాడు.

ఆట ఓడిపోయారు. ఎజ్రా లేని లోటు తెలిసింది. ఒక్క పరుగు తేడాతో కప్పు మెంఫిస్‌కి పోయింది. చివరి బంతి కొట్టింది రాన్సమే. గాల్లోకి లేచిన ఆ బంతిని కంచె దగ్గర హార్లన్ పట్టేశాడు. తర్వాత రెండు జట్లూ ఒకే గదిలో, వంతులవారీగా స్నానం చేశాయి. హార్లన్ ఒక్కడే పావుగంటసేపు గొట్టం కిందినుంచి కదల్లేదు.

"కప్పూ నీకే, వేణ్ణీళ్ళూ నీకేనా?" అని అరిచాడు రాన్సమ్.

బుధవారానికి లీజు రద్దయింది. ఊరి పత్రిక రాన్సమ్‌ను గొడవలమారి అని రాసింది. ఎజ్రా బతికాడు గానీ మంచం దిగడానికి నెలన్నర పట్టింది. విట్బీ తన దుకాణంలో రాన్సమ్‌ను నిలబెట్టి గంటసేపు చీవాట్లు పెట్టాడు. రాన్సమ్ అంతా విని అడిగాడు.

"ఊరి తూర్పున మీరు కొన్న నేల ఏమైంది?"

అది ఫౌండ్రీ బూడిద పోసిన దిబ్బ. రెండో శ్మశానం కోసమని విట్బీ చౌకగా కొన్నాడు. తీరా గొయ్యి తవ్వబోతే కింద గట్టిపడ్డ ఇనప చిట్టెం తగిలి గడ్డపారలు విరిగాయి.

"దాన్తో నీకేం పని?"

"చచ్చినవాళ్ళకి పనికిరాలేదుగా. బతికినవాళ్ళకి ఇచ్చి చూడండి."

1937 అంతా వాళ్ళకు సొంత ఊళ్ళో ఒక్క ఆట లేదు. అన్నీ బయటి ఊళ్ళే. లీగ్‌లో ఐదో స్థానానికి పడిపోయారు. ఇంటికొచ్చిన ప్రతి వారమూ దిబ్బ మీద పారలు పట్టారు. పోతపని చేసేవాళ్ళు పని దిగి వచ్చి సాయం పట్టారు. చర్చివాళ్ళు నది ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి తోలించారు. ఆ మట్టిలో గడ్డి రెండుసార్లు మాడిపోయి, మూడోసారి నిలబడింది. ప్రేక్షకుల బల్లల కంటే ముందు గదులు కట్టాలన్నాడు రాన్సమ్. కట్టారు. సొంత జట్టుకొకటి, వచ్చే జట్టుకొకటి, ఒకే కొలతతో.

1938 ఏప్రిల్లో, మైదానం తెరవడానికి వారం ముందు, కెస్లర్ కారు వచ్చి ఆగింది. ఏడాదిన్నరగా అతని మైదానం ఆదివారాలు ఖాళీగా పడి ఉంటోంది. బూటు కాళ్ళతో బూడిదలో నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"చూడండి విట్బీ గారూ, జరిగిందేదో జరిగింది. అద్దె తగ్గిస్తాం. గది కూడా వాడుకోవచ్చు, కాకపోతే తెల్లజట్టు వెళ్ళాక..."

కెస్లర్ నోట 'గారూ' అన్న మాట వినడం విట్బీకి అదే మొదటిసారి. రాన్సమ్ తన యజమానివైపు చూశాడు. ఈ నేల మీద ఆయన పెట్టిన డబ్బంతా ఆయన వ్యాపారాన్ని మింగడానికి సిద్ధంగా ఉంది. ఒప్పుకుంటే తప్పుపట్టలేడు.

విట్బీ చేతిలో సుద్ద చెంబు ఉంది. పరుగు తీసేవాళ్ళు తాకే బేస్‌లను కలుపుతూ మైదానానికి గీతలు గీస్తున్నాడు.

"కెస్లర్ గారూ, మీరు నిలబడింది మూడో బేస్ మీద. పక్కకి జరగండి. గీత గియ్యాలి" అన్నాడు.

కెస్లర్ పక్కకి జరిగాడు. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాడు. విట్బీ గీసిన గీత మాత్రం తిన్నగానే వచ్చింది.

ఆ ఏడు ఫౌండ్రీ స్టార్స్ కప్పు తెచ్చారు. 39లో తెచ్చారు, 41లో తెచ్చారు. కొత్త మైదానంలో రాన్సమ్ ఆడింది మాత్రం ఆ మొదటి ఏడే. ఆ మైదానం తెరిచిన రోజు ఎజ్రా బంతి పట్టుకుని, పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎక్కాడు. ఎదురుగా రాన్సమ్ గొంతుకూర్చుంటే మోకాళ్ళు టపటపమన్నాయి. గాలికి బూడిద లేచి కళ్ళలో పడింది. తుడుచుకోలేదు. వంకర వేళ్ళలో ఒకదాన్ని చాపి, ఉన్నంత బలంతో విసరమని సైగ చేశాడు.