ఎడమకు లాగే ఎర్ర కారు

నేను ఒక ఎర్ర కారును. అందులోనూ రెండే సీట్లున్న పరుగుపందెం కారును. సముద్రాల అవతల ఇనుము కాలే చోట, సమ్మెట దెబ్బల కింద పుట్టాను. ఓడలో విశాఖపట్నం రేవుకు వచ్చాను. తెప్పించుకున్న దొర నన్ను పేకాటలో ఓడిపోయాడు. గెలిచిన కాంట్రాక్టరు తన కొడుకు కోదండ వర్మకు ఇచ్చాడు. వర్మ నన్ను 'బంగారం' అని పిలిచేవాడు, స్టార్టు కాకపోతే బూటుకాలితో తన్నేవాడు. భార్య సునందనూ అలాగే చూసుకునేవాడు. ఆవిడకు ముద్దుపేరు మాత్రం లేదు.

ఒక సాయంత్రం ఆవిడ దెబ్బలు తాళలేక గేటు వైపు పరుగెత్తింది. వర్మ నన్ను ఆవిడ మీదికే తోలాడు. ఆవిడ తప్పుకుంది. గేటు దిమ్మ తప్పుకోలేదు. ముందు చక్రాలను తిప్పే కడ్డీ వంగిపోయింది. అప్పటినుంచి స్టీరింగు వదిలితే చాలు, ఎడమకు లాగేదాన్ని. బాగుచేయిస్తే దెబ్బ ఎలా తగిలిందని అడుగుతారు కదా! అందుకని ఏళ్ళ తరబడి స్టీరింగును కుడికి బిగబట్టి నడిపాడు. పైగా, "దీన్ని లొంగదీయడం నావల్లే అవుతుంది," అని స్నేహితుల ముందు మీసం తిప్పేవాడు.

ఇంతలో భీమిలిలో పాత కార్ల పోటీ వచ్చింది. వంకరగా నడిచే కారుకు బహుమతి ఎవరిస్తారు? సునందకు పట్టుచీర కట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని, దారిలో కంచరపాలెంలోని మెకానిక్కు గురువులు షెడ్డుకు నన్ను తెచ్చాడు వర్మ.

గురువులు నా చక్రాల పక్కన దారం లాగి కట్టి వంకర చూశాడు. కడ్డీ ఊడదీసి, మంటలో కాల్చి, సుత్తితో బాదాడు. తుప్పుపట్టిన నట్లు కీచుమని అరిచాయి. నా మీద పడిన దెబ్బలన్నిటిలో నాకు పనికొచ్చినవి అవే. మళ్ళీ బిగించి, మళ్ళీ దారం కట్టి చూసుకున్నాడు.

"అయిపోనాది బాబూ. ఇప్పుడిది తిన్నగా ఎల్తాది. మీ సెయ్యే ఇంకా కుడికి లాగుతాది, అలవాటు కదా. రెండు సేతుల్తో మెల్లగా తోలండి."

వర్మ అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. "నాకు డ్రైవింగు నేర్పుతావురా?"

గురువులు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "మీకు ఎవులు నేర్పగలరు బాబూ," అన్నాడు.

భీమిలి రోడ్డు ఎక్కాం. సునంద సముద్రం వైపు చూస్తూ, "మా అక్క ఇల్లు దారిలోనే కదా. అక్కడ దింపెయ్యండి. నేనిక మీ ఇంటికి రాను," అంది.

"దిగుతావే. శవమై దిగుతావు!"

ఎడమచేత్తో ఆవిడ జుట్టు పట్టుకుని తలను ముందున్న డాష్‌బోర్డుకు బాదాడు. మళ్ళీ బాదాడు. స్టీరింగు మీద మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. అది పాత అలవాటు కొద్దీ కుడికి లాగింది. ఈసారి నేను ఎదురు లాగలేదు. చెప్పినట్టే తిరిగాను. రోడ్డు దాటి వంతెన గోడను గుద్దుకున్నాను. వర్మ వైపు తలుపు నలిగి, అతని కుడి భుజాన్ని కరిచి పట్టుకుంది. ఆవిడ జుట్టు వదిలేశాడు.

"సునందా, లాగవే! నన్ను బయటికి లాగు!"

ఆవిడ దిగి నిలబడింది. నుదుటి రక్తం కంట్లోకి కారుతోంది. ఒడ్డు మీది జాలరులు గునపం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. చేపల గంప దించిన ఒక ముసలమ్మ, కొంగు తడిపి సునంద నుదుటికి అదిమింది.

"అయ్యో నా తల్లీ! ఈ బాబు నీకేటవుతాడమ్మా?"

సునంద వర్మ వైపు చూసింది.

"ఏమీ కాడు. దారిలో ఎక్కించుకున్నాడు."

వర్మ నోరు తెరిచాడు. అప్పుడే తలుపు సందులో గునపం దిగింది. మాటకు బదులు కేక వచ్చింది. ముసలమ్మ చెయ్యెత్తి ఒక ఆటోను ఆపింది. సునంద ఎక్కింది.

ఇప్పుడు నేను గాజువాకలో ఒక తుక్కు కొట్లో ఉన్నాను. వర్మ కుడిచెయ్యి ఇక పైకి లేవదట. గురువులే నన్ను చెడగొట్టాడని ఊరంతా చెబుతున్నాడట. గ్యాసు కట్టరుతో నా వెనక భాగం అప్పుడే కోసేశారు, ముందు భాగం మిగిలింది. నిన్న వర్మ మనుషులు వచ్చి, అక్క ఇంట్లోనూ దొరకని సునంద గురించి, నన్ను వంతెన దగ్గర నుంచి లాక్కొచ్చిన తుక్కువాళ్ళ దగ్గర ఆరా తీశారు. వాళ్ళకేం తెలుసు? ఆటో ఎటు తిరిగిందో చూసింది నేను. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.